స్ట్రేంజర్: ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థాలు, వాడుక

స్ట్రేంజర్ అనేది పరిచయం లేని మనిషిని సూచించే ఇంగ్లీషు నామవాచకం. తెలుగులో దీనికి అపరిచితుడు, కొత్తవాడు, పరాయివాడు అనే అర్థాలు చెబుతారు. మూడూ సరైనవే, కానీ మూడూ ఒకటి కావు. పెళ్ళిలో మొదటిసారి కలిసిన వియ్యంకుడి తమ్ముడు మనకు అపరిచితుడే గాని పరాయివాడు కాడు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉంటున్న పెద్దాయన ఆస్తి పంపకాల దగ్గర పరాయివాడే గాని అపరిచితుడు కాడు. నిన్న బదిలీ మీద వచ్చిన మాస్టారు ఊరికి కొత్తవాడు. నెల తిరిగేసరికి ఆ కొత్త పోతుంది. తెలుగు ఇలా మూడు మాటల మధ్య పంచిన అర్థాన్ని ఇంగ్లీషు ఒకే మాట మీద మోపింది. అందుకే ఈ మాట అర్థం కావాలంటే దాని పక్కనున్న మాటల్నీ, అది పుట్టిన సందర్భాల్నీ చూడాలి.

మాట పుట్టుక

దీని మూలం లాటిన్‌లో ఉంది. ఆ భాషలో 'ఎక్స్‌ట్రా' అంటే బయట. బయటికి చెందినది, బయటినుంచి వచ్చినది అనే అర్థంలో దాన్నుంచి 'ఎక్స్‌ట్రానియస్' ఏర్పడింది. పాత ఫ్రెంచిలో అది 'ఎస్ట్రాంజ్' అయింది, అలాంటి మనిషి 'ఎస్ట్రాంజియె' అయ్యాడు. 14వ శతాబ్దం చివరికి ఈ మాట ఇంగ్లీషులో వాడుకలో ఉంది. దారిలో మొదటి 'ఎ' రాలిపోయింది. ఎస్టేట్, స్టేట్ అనే మాటల మధ్య ఉన్న తేడా కూడా ఇలా అచ్చు రాలడం వల్ల వచ్చిందే.

కాబట్టి ఈ మాటకు మొదటి అర్థం 'తెలియనివాడు' కాదు, 'బయటివాడు'. ఎక్కడినుంచి వచ్చాడన్నది ముందు, తెలుసా తెలియదా అన్నది తర్వాత. ఫ్రెంచిలో ఈనాటికీ 'ఎట్రాంజె' అంటే విదేశీయుడు అన్న అర్థం బలంగా ఉంది. ఇంగ్లీషులో ఆ బరువు 'ఫారినర్' మీదికి మళ్ళి, స్ట్రేంజర్‌కు 'నాకు తెలియని మనిషి' అన్న అర్థం ప్రధానమైంది.

ఇదే కుటుంబంలోని 'స్ట్రేంజ్' అనే విశేషణానికి వింత, విచిత్రం అని అర్థం. బయటినుంచి వచ్చినది చూసేవాళ్ళకు వింతగా తోస్తుంది కాబట్టి అర్థం అటు నడిచింది. ఆ విశేషణానికి తారతమ్య రూపం కూడా 'స్ట్రేంజర్' అనే ఉంటుంది, అప్పుడు 'మరింత వింతైన' అని అర్థం. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' ధారావాహిక పేరులో ఉన్నది ఈ రెండో మాటే. అక్కడ అపరిచితులు ఎవరూ లేరు, ఉన్నవి వింత సంగతులు. అక్షరాలూ ఉచ్చారణా ఒకటే కాబట్టి, తర్వాత వచ్చే మాటను బట్టే ఏదో తేల్చుకోవాలి.

'ఎస్ట్రేంజ్' అనే క్రియ కూడా ఈ ఇంటిదే. కలిసి బతికినవాళ్ళు మనసులు విరిగి దూరం కావడాన్ని అది చెబుతుంది. విడిగా ఉంటున్న భార్యను ఇంగ్లీషు పత్రికలు 'ఎస్ట్రేంజ్‌డ్ వైఫ్' అని రాస్తాయి. అయినవాళ్ళు పరాయివాళ్ళు కావడమన్నమాట.

మూడు ప్రధానార్థాలు

మొదటిది, నాకు తెలియని మనిషి. 'ఎ స్ట్రేంజర్ హెల్ప్‌డ్ మీ' అంటే ముక్కూమొహం తెలియని మనిషి సాయం చేశాడని. 'కంప్లీట్ స్ట్రేంజర్', 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్', 'టోటల్ స్ట్రేంజర్' మూడూ ఒకే అర్థాన్ని గట్టి చేస్తాయి. ఇక్కడ పర్ఫెక్ట్‌కు మంచితనంతో పనిలేదు, బొత్తిగా పరిచయం లేదని చెప్పడానికే అది వచ్చింది.

రెండోది, ఒక చోటికి కొత్తయిన మనిషి. విజయవాడ బస్టాండులో ఒకాయన చేతిసంచీతో దిగి, పక్కన నిలుచున్న మనిషిని అడుగుతాడు: "బాబూ, వన్ టౌన్‌కి ఏ బస్సు ఎక్కాలి?" అతను మొహమాటంగా నవ్వి, "నేనూ ఈ ఊరికి కొత్తేనండి" అంటాడు. ఈ సమాధానాన్నే ఇంగ్లీషువాడు 'ఐ యామ్ ఎ స్ట్రేంజర్ హియర్ మైసెల్ఫ్' అంటాడు. దీన్ని 'నేను ఇక్కడ అపరిచితుణ్ణి' అని తెలుగు చేస్తే మాట పేలవమవుతుంది. తెలుగువాడు ఎన్నడూ అలా అనడు.

మూడోది, ఒక విషయంతో సంబంధం గాని అనుభవం గాని లేని మనిషి. ఇది ఎక్కువగా వ్యతిరేకార్థంలో వస్తుంది. 'హీ ఈజ్ నో స్ట్రేంజర్ టు హార్డ్‌షిప్' అంటే అతనికి కష్టాలు కొత్త కాదు అని. ఇక్కడ రెండు భాషల మధ్య తేడా దగ్గరగా చూడదగ్గది. ఇంగ్లీషులో మనిషి కష్టాలకు కొత్తవాడో కాదో చెబుతారు. తెలుగులో కష్టాలు మనిషికి కొత్తవో కావో చెబుతాం. మనిషి ఉన్నచోటే ఉంటాడు, కష్టమే అతని గడపలోకి వచ్చి కొత్తగానో పాతగానో నిలబడుతుంది. ఏ వైపునుంచి చెప్పినా రెంటి మధ్య సంబంధాన్ని కట్టేది మాత్రం ఒకటే: ఇంగ్లీషులో 'టు', తెలుగులో 'కి, కు'. 'ఎవరికి, దేనికి' అన్నది తెలియకుండా స్ట్రేంజర్ అర్థం పూర్తికాదు.

నుడికారాలు

చాలాకాలం కనిపించకుండా పోయిన స్నేహితుడు ఎదురుపడితే ఇంగ్లీషులో 'హలో, స్ట్రేంజర్!' అని పలకరిస్తారు. తెలుసుకాబట్టే అలా అంటారు, అందులో ఉన్నది చనువుతో కూడిన నిష్ఠూరం. తెలుగులో దానికి సరిసమానమైన పలుకు సిద్ధంగా ఉంది: "ఏమోయ్, బొత్తిగా నల్లపూసవైపోయావే!" సాగనంపేటప్పుడు చెప్పే 'డోంట్ బి ఎ స్ట్రేంజర్' అన్నదానికి "అప్పుడప్పుడూ వస్తూ పోతూ ఉండండి" అన్నది సహజమైన తెలుగు. 19వ శతాబ్దపు అమెరికా పల్లెల్లో, సరిహద్దు ప్రాంతాల్లో దారిన పోయే కొత్తమనిషిని 'స్ట్రేంజర్' అనే పిలిచేవారు. పేరు తెలియనప్పుడు మనం 'బాబూ', 'అన్నా', 'పెద్దాయనా', 'అమ్మా' అని వరస కలిపి పిలుస్తాం. తెలియని మనిషిని తెలుగు ముందుగా చుట్టాన్ని చేసుకుని తర్వాత మాట్లాడుతుంది.

దగ్గరి మాటలతో తేడా

ఫారినర్ అంటే వేరే దేశంవాడు. తలుపు, బయట అనే అర్థాలున్న లాటిన్ మాటలు దీని మూలం. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి విదేశీయుల చట్టం భారత పౌరుడు కానివాడే విదేశీయుడని నిర్వచించింది. ఆ మనిషి మనకు ఎంత తెలిసినవాడైనా చట్టం ముందు ఫారినరే.

ఏలియన్ కూడా పరదేశి అనే అర్థమున్న పాత మాటే. లాటిన్‌లో 'ఆలియస్' అంటే వేరొకటి. భారత రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 17వ అంశంగా పౌరసత్వం, దేశీయకరణతో పాటు 'ఏలియన్స్' అనే మాట ఉంది. అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థి మొదటిసారి ఆదాయపు పన్ను పత్రం నింపేటప్పుడు తన పేరు పక్కన 'నాన్‌రెసిడెంట్ ఏలియన్' అని చూసి ఉలిక్కిపడతాడు. గ్రహాంతరవాసి అన్న అర్థం కథలూ సినిమాల వల్ల 20వ శతాబ్దంలో ప్రచారమైంది. చట్టంలో ఉన్నది అంతకంటే చాలా పాత అర్థం.

అవుట్‌సైడర్ అంటే ఒక గుంపులోకి చేరనివాడు, చేర్చుకోబడనివాడు. అతను అందరికీ తెలిసినవాడే కావచ్చు. ఆల్బేర్ కామూ 1942లో ఫ్రెంచిలో రాసిన 'లెట్రాంజె' నవలకు స్టూవర్ట్ గిల్బర్ట్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1946లో వచ్చింది. అదే అనువాదం అమెరికాలో 'ది స్ట్రేంజర్' పేరుతోనూ, బ్రిటన్‌లో 'ది అవుట్‌సైడర్' పేరుతోనూ వెలువడింది. ఒక ఫ్రెంచి మాటలోని రెండు అర్థాలు రెండు అట్టల మీదికి చీలిపోయినట్టయింది.

గెస్ట్ అంటే అతిథి. ఇది, ఆతిథ్యమిచ్చే 'హోస్ట్', శత్రుభావాన్ని చెప్పే 'హాస్టైల్' ఒకే ప్రాచీన ధాతువునుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. లాటిన్‌లో 'హోస్టిస్' మొదట పరదేశి, తర్వాత శత్రువు. గ్రీకులో 'క్సెనోస్' అన్న ఒక్క మాట పరదేశికీ అతిథికీ చెల్లింది. గుమ్మంలో నిలుచున్న తెలియని మనిషికి మంచినీళ్ళివ్వాలా, తలుపు గడియ పెట్టాలా అన్న పాత సందేహం ఈ మాటల కుటుంబంలో ఇంకా కనిపిస్తుంది.

చరిత్రలో స్ట్రేంజర్లు

16వ శతాబ్దపు ఇంగ్లండులో స్ట్రేంజర్ అంటే ముఖ్యంగా సముద్రం దాటి వచ్చి స్థిరపడిన పరదేశి. 1517 మే నెల మొదటి రోజున లండన్ జనం ఇలాంటి పరదేశుల ఇళ్ళమీదా దుకాణాలమీదా పడ్డారు. ఆ అల్లర్లను 'సర్ థామస్ మోర్' అనే నాటకం చూపిస్తుంది. దాని రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని కొన్ని పుటలు షేక్‌స్పియర్ చేతిరాతేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ పుటల్లోనే నాటక నాయకుడు మోర్ అల్లరిమూకను నిలదీస్తాడు. మిమ్మల్ని ఈ దేశంనుంచి వెళ్ళగొడితే, ఇంకో దేశంలో మీరే స్ట్రేంజర్లయితే, మీకెలా ఉంటుందని అడుగుతాడు.

నారిచ్ నగరంలో ఈ మాటకు మరో చరిత్ర ఉంది. అక్కడి నేత పరిశ్రమ పడిపోతున్న రోజుల్లో, 1565లో, మొదటి ఎలిజబెత్ రాణి అనుమతితో ఫ్లెమిష్, వాలూన్ నేతగాళ్ళను పిలిపించుకున్నారు. మొదట వచ్చినవి 30 కుటుంబాలు. స్పెయిన్ పాలనలోని దిగువ దేశాల్లో మతహింసను తప్పించుకుని ఇంకెందరో వారి వెంట చేరారు. కొన్నేళ్ళకే నగర జనాభాలో సుమారు మూడో వంతు వాళ్ళయ్యారు. వాళ్ళు తెచ్చిన కొత్త రకం నేత నగరాన్ని మళ్ళీ నిలబెట్టింది. వాళ్ళు పెంచుకున్న కేనరీ పిట్టల వల్లనే నారిచ్ ఫుట్‌బాల్ జట్టుకు 'కేనరీస్' అన్న పేరు వచ్చిందని చెబుతారు. అక్కడి ఒక పాత భవనం 'స్ట్రేంజర్స్ హాల్' పేరుతో మ్యూజియంగా ఉంది. అల్లరిమూక నోట తిట్టయిన మాటే ఇంకో ఊళ్ళో గర్వంగా గోడమీదికెక్కింది.

ఈ మాటకు భారతీయులతోనూ సంబంధం ఉంది. ఓడల్లో పనిచేసే భారతీయ నావికులు లండన్ రేవులో దిగాక తిరుగు ఓడ దొరికేదాకా తిండికీ నీడకూ అల్లాడేవారు. వాళ్ళకోసమూ, ఆసియా, ఆఫ్రికా, దక్షిణ సముద్ర ద్వీపాల నావికులకోసమూ 1857లో లైమ్‌హౌస్ ప్రాంతంలో తెరిచిన వసతిగృహం పేరు 'స్ట్రేంజర్స్ హోమ్'. 1937 వరకు అది నడిచింది.

చట్టసభలోనూ న్యాయస్థానంలోనూ

బ్రిటిష్ కామన్స్ సభలో సభ్యుడుగాని అధికారిగాని కాని ప్రతివాడూ ఒకప్పుడు స్ట్రేంజరే. 'నాకు స్ట్రేంజర్లు కనిపిస్తున్నారు' అని ఒక సభ్యుడు స్పీకరుకు చెబితే చాలు, ప్రేక్షకులనూ విలేకరులనూ బయటికి పంపేవారు. 1875లో జోసెఫ్ బిగర్ అనే ఐరిష్ సభ్యుడు ఆ మాట అన్న రోజున గ్యాలరీలో యువరాజే కూర్చుని ఉన్నాడు. రేపటి రాజు కూడా లేచి బయటికి నడవాల్సి వచ్చింది. ఆ గొడవ తర్వాత ఒక్క సభ్యుడి మాట చాలదని, సభ ఓటు వేయాలని నియమం మార్చారు. 1998లో ఆ పాత పలుకు తొలగింది. ప్రజలు ఎన్నుకున్న సభలో ప్రజలనే పరాయివాళ్ళనడం బాగాలేదన్న అభిప్రాయం బలపడి, 2004లో 'స్ట్రేంజర్స్ గ్యాలరీ'ని ప్రజా గ్యాలరీ చేశారు. మన లోక్‌సభ నియమాల్లో మాత్రం సందర్శకులను రానివ్వడం, బయటికి పంపడం గురించి చెప్పే 386, 387 నియమాల్లో 'స్ట్రేంజర్స్' అనే మాటే ఉంది.

న్యాయభాషలో స్ట్రేంజర్ అంటే ఆ వ్యవహారంలో పక్షం కానివాడు. అతని పేరు, ఊరు, వంశం అందరికీ తెలిసినా సరే, ఒప్పందంలో పక్షం కాకపోతే ఆ ఒప్పందానికి స్ట్రేంజరే. దీనికి ఉదాహరణగా మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పిన చిన్నయ్య, రామయ్యల కేసును న్యాయ విద్యార్థులందరూ చదువుతారు. ఒక వృద్ధురాలు తన భూమిని కూతురికి దానం చేస్తూ, తన తోబుట్టువులకు ఏటా 653 రూపాయలు ఇవ్వాలని షరతు పెట్టింది. కూతురు వాళ్ళకు అలాగేనని రాసిచ్చి, తర్వాత ఇవ్వలేదు. భూమి ఇచ్చింది తల్లి గాని వాళ్ళు కాదు కదా, ప్రతిఫలానికి వాళ్ళు స్ట్రేంజర్లు కదా అన్నది ఆమె వాదం. ఇంగ్లండు చట్టం ప్రకారమైతే ఆ వాదం నిలిచేదే. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం ప్రతిఫలం ఇంకెవరి దగ్గరినుంచైనా రావచ్చని చెప్పింది కాబట్టి ఇక్కడ నిలవలేదు. సొంత తల్లి తోబుట్టువులను కూడా చట్టం స్ట్రేంజర్లనగలదు. ఆ మాట ఇక్కడ చుట్టరికాన్ని కొలవదు, ఆ వ్యవహారంలో పాత్రను కొలుస్తుంది.

మతగ్రంథంలో, సమాజశాస్త్రంలో

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు ఈ మాటను ఇంగ్లీషు ఇళ్ళన్నిటికీ చేర్చింది. హీబ్రూలో 'గేర్' అంటే తన జాతిని విడిచి వచ్చి మరో జాతి మధ్య నివసించేవాడు. అతణ్ణి బాధించకూడదని పాత నిబంధన మళ్ళీమళ్ళీ ఆజ్ఞాపిస్తుంది. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో అలాగే బతికారన్నది అది చెప్పే కారణం. తెలుగు బైబిలు దీనికి 'పరదేశి' అనే మాటను వాడింది. ఇది ఎంతో సరైన ఎంపిక, ఎందుకంటే ఇక్కడ విషయం పరిచయం కాదు, ఆసరా లేకపోవడం.

జర్మన్ సమాజశాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లో స్ట్రేంజర్ గురించి చిన్న వ్యాసం రాశాడు. ఈరోజు వచ్చి రేపు పోయే బాటసారి కాదు, ఈరోజు వచ్చి రేపు కూడా ఉండిపోయేవాడే అసలైన స్ట్రేంజరని ఆయన వాదన. అలాంటివాడు దగ్గరా ఉంటాడు, దూరమూ ఉంటాడు. వర్తకుడు అందుకు ఉదాహరణ. ఊళ్ళో ఎవరి పక్షమూ కానివాడు కాబట్టే కొన్ని ఇటలీ నగరాలు న్యాయమూర్తిని బయటినుంచి పిలిపించుకునేవి. అలాగే సొంతవాళ్ళకు చెప్పుకోలేని గుట్టు బయటివాడికి చెప్పుకుంటారు. రైల్లో ఎదుటి సీటు మనిషితో మనసు విప్పి మాట్లాడినవారికి ఇది అనుభవమే.

అమెరికా మనోవిజ్ఞాని స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో 'ఫెమిలియర్ స్ట్రేంజర్' అనే భావనను ముందుకు తెచ్చాడు. రోజూ చూస్తాం, గుర్తుపడతాం, కానీ ఏనాడూ పలకరించం. రైల్వే ప్లాట్‌ఫారం మీది ప్రయాణికుల ఫోటోలు వాళ్ళకే చూపించి అడిగితే, ఒక్కొక్కరు సగటున నలుగురిని ఇలా గుర్తుపట్టారు. హైదరాబాదులో రోజూ ఒకే ఎమ్‌ఎమ్‌టీఎస్ పెట్టెలో ఎక్కేవారికి అలాంటి మొహాలు ఎన్నో తెలుసు. రోజూ కిటికీ పక్కన కూర్చునే మనిషి వారం పాటు కనిపించకపోతే, పేరు తెలియని ఆ మనిషికి ఏమైందోనని మనసు పీకుతుంది.

పిల్లలు, భయం, జాగ్రత్త

సుమారు ఎనిమిది నెలల వయసులో పసిపిల్లలు కొత్తవాళ్ళను చూసి ఏడవడం మొదలుపెడతారు. దీన్ని మనోవిజ్ఞానంలో 'స్ట్రేంజర్ యాంగ్జైటీ' అంటారు. తల్లిని వేరుగా గుర్తించే తెలివి పెరుగుతోందనడానికి ఇది గుర్తు. దానికి తెలుగు తల్లుల మాట ఇంకా క్లుప్తం: "కొత్త కదండీ, అందుకే ఏడుస్తున్నాడు." ఏడవని బిడ్డ గురించి, "వీడికి కొత్తా పాతా లేదు, ఎవరెత్తుకున్నా పోతాడు" అంటారు.

పిల్లల భద్రత కోసం ఇంగ్లీషు దేశాల్లో 'స్ట్రేంజర్ డేంజర్' అనే నినాదం పుట్టింది. ప్రాస వల్ల అది నోళ్ళలో నాటుకుంది. అయితే అది నిజంలో ఒక ముక్కే. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏటా చూపే సంగతి ఏమిటంటే, అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారే. తెలియని మనిషిని చూసి మాత్రమే భయపడమని నేర్పితే, తెలిసిన మనిషి చేసే హాని గురించి నోరు విప్పే ధైర్యాన్ని బిడ్డకు ఇవ్వనట్టే. పైగా దారి తప్పిన పిల్లాడు సాయం అడగాల్సింది తెలియనివాళ్ళనే. కాబట్టి 'ఎవరు' అన్నదానికంటే 'ఏం చేస్తున్నారు' అన్నది చూడమని నేర్పడం మేలు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

స్ట్రేంజర్‌కు లింగభేదం లేదు. అపరిచితుడు అనగానే మగవాడవుతాడు. ఆడ, మగ తెలియనిచోట 'తెలియని మనిషి', 'కొత్త మనిషి' అంటే సరిపోతుంది. 'గుర్తు తెలియని వ్యక్తి' అన్న పత్రికల మాట దీనికి పనికిరాదు. అది ఎవరో ఎవరికీ తెలియని మనిషికి చెల్లుతుంది. స్ట్రేంజర్‌కు ఊరూ పేరూ ఉంటాయి, మనకు తెలియవంతే. 'ఆగంతకుడు' అంటే సంస్కృతంలో వచ్చినవాడనే అర్థం. సత్యజిత్ రాయ్ 1991లో తీసిన చివరి చిత్రం 'ఆగంతుక్' ఇంగ్లీషు పేరు 'ది స్ట్రేంజర్'. కానీ తెలుగు వార్తల్లో ఆగంతకుడు బాంబు బెదిరింపు ఫోన్లు చేసి చేసి అనుమానితుడయ్యాడు. ముప్పై ఐదేళ్ళ తర్వాత మేనకోడలి ఇంటికి వచ్చిన రాయ్ సినిమాలోని పెద్దాయనకు ఆ పేరు ఇప్పుడు తెలుగులో అతకదు. విక్రమ్ నటించిన తమిళ చిత్రం 'అన్నియన్' 2005లో తెలుగులోకి 'అపరిచితుడు'గా వచ్చింది. తమిళం పేరు పరాయితనాన్ని చెబితే, తెలుగు పేరు పరిచయం లేకపోవడాన్ని చెప్పింది.

అనువాదకుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎవరికి స్ట్రేంజర్, దేనికి స్ట్రేంజర్? నాకైతే తెలియని మనిషి. ఊరికైతే కొత్త. దేశానికైతే పరదేశి. ఒప్పందానికైతే పక్షం కానివాడు. ఇంటికైతే పరాయి, లేదా అతిథి. చివరి రెంటిలో ఏదన్నది నిఘంటువు తేల్చదు, తలుపు తీసినవారు తేలుస్తారు.